వైఫై సిగ్నల్ నిండుగా ఉంది, నెట్ మాత్రం పోతూ వస్తూ ఉంది: రౌటర్ మార్చే ముందు ఏం చూడాలి?

మీరు అడిగింది ఇదీ: ఫోన్లో వైఫై గీతలు నిండుగానే ఉంటాయి, కానీ రోజుకు నాలుగైదు సార్లు ‘కనెక్టెడ్, నో ఇంటర్నెట్’ అని వస్తుంది. రాత్రిపూట మరీ ఎక్కువ. రౌటర్ ఆపి ఆన్ చేస్తే కాసేపు బాగుంటుంది, తర్వాత మళ్లీ మొదలు. పడకగదిలో ఎప్పుడూ స్లోనే. ప్రొవైడర్ ఇచ్చిన ఫైబర్ మోడెం ఒకటి, దానికి తగిలించిన మీ సొంత రౌటర్ ఒకటి ఉన్నాయి. కొత్త రౌటర్ కొనాలా?

ఇప్పుడే కొనకండి. మీరు చెప్పినదాంట్లో రెండు వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. నెట్ మొత్తంగా పోవడం ఒకటి, పడకగదిలో స్లో అవడం ఇంకొకటి. మొదటిదానికి రౌటర్ వైఫై కారణం కాకపోయే అవకాశమే ఎక్కువ. పవర్ అడాప్టర్, మోడెంకీ రౌటర్‌కీ మధ్య కేబుల్, ఆ రెండు పెట్టెల ఐపీ అడ్రస్‌ల (నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఉండే అంకెల చిరునామాల) గొడవ, బయటి ఫైబర్ లైన్, ముందు అనుమానించాల్సినవి ఈ నాలుగూ. రెండోది వైఫై ఛానెల్‌తోనూ (రౌటర్ వాడే ఫ్రీక్వెన్సీ పట్టీ), రౌటర్ పెట్టిన చోటుతోనూ తేలే విషయం. ఏది ఏమిటన్నది పది నిమిషాల్లో తెలుసుకోవచ్చు. ఒక్కటే షరతు: నెట్ పోయి ఉన్నప్పుడే చూడాలి, రీస్టార్ట్ చేయకముందే చూడాలి.

ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. రీస్టార్ట్ చేయగానే చాలా రౌటర్లలో లాగ్ చెరిగిపోతుంది, ప్రొవైడర్‌తో సెషన్ మళ్లీ కొత్తగా మొదలవుతుంది, ఫోన్లకు ఐపీలు మళ్లీ అందుతాయి, ఛానెల్ ఆటోలో ఉంటే అదీ మారిపోవచ్చు. ఇన్నీ ఒకేసారి జరిగాక నెట్ వస్తే, అసలు జబ్బు ఏదో ఎవరూ చెప్పలేరు.

గీతలు దేనికి గుర్తు?

ఫోన్‌కు రౌటర్ సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో అంతవరకే. రౌటర్ అవతల ఇంటర్నెట్ ఉందో లేదో గీతలకు తెలియదు. మోడెం నుంచి ఫైబర్ పీకేసినా గీతలు నిండుగానే ఉంటాయి. ‘నో ఇంటర్నెట్’ అన్న మాట వచ్చే దారి వేరు. ఆండ్రాయిడ్ ఫోన్ వైఫైకి తగులుకోగానే గూగుల్ సర్వర్‌కు చిన్న విన్నపం పంపి, 204 అనే ఖాళీ జవాబు కోసం చూస్తుంది. అది రాకపోతే నెట్ లేదని రాస్తుంది. లైన్ పోయినా ఆ జవాబు రాదు, సైటు పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ చెడినా రాదు. అంటే ఆ మాట చూసి జబ్బు ఏదో చెప్పలేం, జబ్బు ఉందని మాత్రమే చెప్పగలం.

ఇంకో సంగతి. వైఫై రెండు వైపుల మాట. రౌటర్ గొంతు పెద్దది, ఫోన్ గొంతు చిన్నది. దూరంగా ఉన్న గదిలో రౌటర్ మాట ఫోన్‌కు వినబడుతూ, ఫోన్ జవాబు రౌటర్‌కు చేరని పరిస్థితి వస్తుంది. గీతలు రెండు మూడు కనిపిస్తాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. రౌటర్ పవర్‌ను సెట్టింగ్స్‌లో ‘హై’కి పెంచితే ఇది తగ్గదు, ఎందుకంటే ఫోన్ పవర్ పెరగలేదు కదా.

మూడు పింగ్‌లు

పింగ్ అంటే ఒక అడ్రస్‌కు చిన్న ప్యాకెట్ పంపి, జవాబు వస్తుందా, ఎంతసేపట్లో వస్తుందో చూడడం. ల్యాప్‌టాప్ ఉంటే మంచిది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. అందులో రెండు అంకెలు రాసుకోండి: మీ ఐపీ అడ్రస్, డిఫాల్ట్ గేట్‌వే. గేట్‌వే అంటే మీ రౌటరే, సాధారణంగా 192.168.0.1 లేదా 192.168.1.1 ఉంటుంది. ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్లో పింగ్ కొట్టే ఉచిత యాప్ ఏదైనా సరిపోతుంది, కాకపోతే ఆ కాసేపు మొబైల్ డేటా ఆపేయండి. లేకపోతే ఫోన్ వైఫైని వదిలి మొబైల్ డేటా మీద జవాబు తెచ్చి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

మొదట గేట్‌వేకు పింగ్ కొట్టండి. తర్వాత బయటి ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ అడ్రస్ 8.8.8.8 కు. చివరగా అంకెలు కాకుండా ఏదైనా సైటు పేరుకు. ఒక్కోదానికి నాలుగు ప్యాకెట్లు చాలవు, కనీసం వంద పంపండి.

గేట్‌వేకే జవాబు రావడం లేదు, లేదా కొన్ని పోతున్నాయి, లేదా సమయం 200, 300 మిల్లీసెకన్లకు ఎగబాకుతోంది అంటే తప్పు మీకూ రౌటర్‌కూ మధ్యలోనే ఉంది. వైఫై మీద గేట్‌వే పింగ్ మామూలుగా పది మిల్లీసెకన్ల లోపే ఉండాలి. ఎప్పుడో ఒకటి అరా ఎగిరితే పట్టించుకోనక్కర్లేదు.

గేట్‌వే చక్కగా జవాబిస్తూ 8.8.8.8 రాకపోతే వైఫై నిర్దోషి. మోడెం, లైన్, లేదా రెండు పెట్టెల మధ్య కేబుల్ చూడాలి.

8.8.8.8 వస్తూ పేరు మాత్రం దొరకడం లేదంటే డీఎన్ఎస్. రౌటర్ డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీలు పంచే ఏర్పాటు) పేజీలో డీఎన్ఎస్ కింద 1.1.1.1, 8.8.8.8 రాసి సేవ్ చేస్తే సరి. ఫోన్లో ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ ఎవరైనా మార్చి ఉంటే దాన్ని ‘ఆటోమేటిక్’కి తెండి. దీనికి ఇంతకన్నా పని లేదు.

మూడూ బాగున్నా కొన్ని సైట్లే తెరుచుకోకుండా తిరుగుతూ ఉంటే ఎంటీయూ (ఒక ప్యాకెట్ ఉండగల గరిష్ఠ సైజు) అనుమానించండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో తగులుకునే పీపీపీఓఈ కనెక్షన్లలో ఎంటీయూ 1492 ఉండాలి. వాన్ (ప్రొవైడర్ వైపు కనెక్షన్) సెట్టింగ్‌లో 1500 అని ఉంటే 1492 చేయండి.

ఐపీ అడ్రస్ 169.254 తో మొదలైతే పింగ్‌ల దాకా వెళ్లక్కర్లేదు. రౌటర్ ఐపీ ఇవ్వలేదు, కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుంది. ఇంట్లో పరికరాలు ఎక్కువైతే డీహెచ్‌సీపీ పూల్ (పంచడానికి ఉంచిన అడ్రస్‌ల వరస) నిండిపోయి ఇలా జరుగుతుంది. పూల్ 100 నుంచి 149 వరకు ఉంటే యాభై అడ్రస్‌లే. ఇప్పటి ఫోన్లు నిజమైన మ్యాక్ అడ్రస్ (పరికరం సొంత గుర్తింపు నంబర్) బదులు కల్పిత మ్యాక్ వాడతాయి. నెట్‌వర్క్‌ను ఫర్గెట్ చేసి మళ్లీ తగిలించినప్పుడు కొన్ని ఫోన్లు కొత్త మ్యాక్‌తో వచ్చి ఇంకో అడ్రస్ పట్టుకుంటాయి. పూల్‌ను 10 నుంచి 250 దాకా పెంచండి.

ఈ పరీక్షనే కేబుల్‌తో మళ్లీ చేయండి. ల్యాప్‌టాప్‌ను రౌటర్ లాన్ (ఇంటి పరికరాలు తగిలించే) పోర్ట్‌కు నేరుగా తగిలించి, వైఫై ఆపి, అవే పింగ్‌లు. కేబుల్ మీద కూడా నెట్ పోతుంటే, వైఫై ఛానెల్ మార్చి, యాంటెన్నాలు తిప్పి లాభం లేదు. ఎక్కువమంది ఈ ఒక్క పని చేయకుండానే రౌటర్ కొనేస్తారు.

అప్‌టైం రెండు చోట్ల ఉంటుంది, రెండూ చూడండి

రౌటర్ పేజీలోకి లాగిన్ అయితే స్టేటస్‌లో సిస్టమ్ అప్‌టైం (ఆగకుండా ఎంతసేపటినుంచి నడుస్తోందో చెప్పేది) ఒకటి, చాలా మోడళ్లలో వాన్ అప్‌టైం మరొకటి కనిపిస్తాయి. మీరు ముట్టుకోకుండానే సిస్టమ్ అప్‌టైం పది నిమిషాలని చూపిస్తే రౌటర్ దానంతట అదే ఆరి వెలుగుతోంది. సిస్టమ్ అప్‌టైం రోజుల్లో ఉండి, వాన్ అప్‌టైం నిమిషాల్లో ఉంటే రౌటర్ నిలబడే ఉంది, ప్రొవైడర్ సెషన్ తెగుతోంది. ఈ రెండు అంకెలు చెప్పినంత స్పష్టంగా ఇంకేదీ చెప్పదు.

మొదటి రకమైతే అడాప్టర్ పట్టుకోండి. పాత రౌటర్ల విషయంలో నేను అన్నిటికన్నా ముందు అనుమానించేది దీన్నే. లోపలి కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి ఎండిపోయి బలహీనపడతాయి. మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు సరిగ్గానే చూపిస్తుంది, ఎందుకంటే అప్పుడు దానిమీద లోడ్ లేదు. రాత్రి ఇంట్లో అందరూ ఒకేసారి వాడేటప్పుడు రౌటర్ ఎక్కువ కరెంట్ లాగుతుంది, వోల్టేజ్ ఒక్క క్షణం కుంగుతుంది, రౌటర్ రీబూట్ అవుతుంది. ‘రాత్రిపూట ఎక్కువ’ అన్న మీ మాటకు ఇది బాగా సరిపోతుంది.

అడాప్టర్ మార్చేటప్పుడు మూడు చూడాలి. వోల్టులు రౌటర్ అడుగున రాసినంతే ఉండాలి, 9 రాసినచోట 12 పెడితే రౌటర్ కాలిపోవచ్చు. ఆంపియర్లు రాసినంత గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండవచ్చు. 12 వోల్టులు, 1 ఆంపియర్ రాసిన రౌటర్‌కు 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ పెడితే ఏ నష్టమూ లేదు, రౌటర్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. మూడోది పిన్. బయటి కొలత 5.5 మిల్లీమీటర్లు ఒకటే అయినా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు సైజుల్లో వస్తుంది. 2.5 పిన్ను 2.1 జాక్‌లో పెడితే దూరుతుంది కానీ వదులుగా ఉండి, కేబుల్ కదిలినప్పుడల్లా తెగుతుంది. ప్లస్ మధ్యలో ఉందో బయట ఉందో లేబుల్ మీద బొమ్మ చూసి పోల్చుకోండి.

రెండో రకమైతే మోడెం లైట్లు చూడండి. పాన్ (PON) లైటు నిలకడగా వెలగాలి. ఎల్ఓఎస్ (LOS) లైటు ఎర్రగా కొట్టుకుంటుంటే ఫైబర్‌లో వెలుతురు అందడం లేదు, ఇంట్లో ఏ సెట్టింగూ దాన్ని బాగు చేయలేదు. మోడెం పేజీలో ఆప్టికల్ ఆర్ఎక్స్ పవర్ (అందుతున్న వెలుతురు బలం) అని కనిపిస్తే రాసుకోండి. సాధారణ ఫైబర్ (జీపాన్) మోడెం మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ) వరకు అందుకోగలదు. మైనస్ 25 దాటి 27 వైపు వెళ్తుంటే అంచు మీద ఉన్నట్టే, కాస్త తేడా వచ్చినా తెగుతుంది. ఇంట్లో మీరు చూడగలిగేది ఆ సన్న తీగ వంపు ఒక్కటే. గోడ మూల దగ్గరో, టేబుల్ కింద నొక్కుకుపోయో, గట్టిగా కట్టేసిన టై కిందో మడత పడి ఉంటుంది. మూడు సెంటీమీటర్ల వ్యాసార్ధం కన్నా బిగువుగా వంచకండి. కనెక్టర్ పీకి చొక్కాతో తుడవకండి, దుమ్ము ఇంకా అంటుకుంటుంది. తీగ కొనలోకి కళ్లు పెట్టి చూడకండి, ఆ కాంతి కనపడదు కానీ కంటికి హాని చేయగలదు.

మోడెంకీ రౌటర్‌కీ మధ్య ఉన్న ఈథర్‌నెట్ కేబుల్‌ను కూడా ఒకసారి మార్చి చూడండి. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి. ఒక జత తెగితే చాలాసార్లు లింక్ చావదు, 100 ఎంబీపీఎస్‌కు దిగి పనిచేస్తూ ఉంటుంది. 200 ప్లాన్ తీసుకున్నా స్పీడ్ టెస్ట్ 94, 95 దగ్గర ఆగిపోతుంటే మొదట చూడాల్సింది ఈ కేబులే. అది బాగుంటే రౌటర్ వాన్ పోర్టే 100 ఎంబీపీఎస్ రకమేమో చూడండి.

రెండు పెట్టెలు ఉన్నాయన్నారు, ఇది ముఖ్యం

మోడెం తానే రౌటర్‌గా పనిచేస్తూ, మీ రౌటర్ కూడా రౌటర్‌గా పనిచేస్తుంటే మూడు రకాల తంటాలు వస్తాయి. రెండూ 192.168.1.1 అయితే మీ రౌటర్‌కు లోపలేదో బయటేదో తెలియదు, నెట్ రాదు. వేర్వేరు అడ్రస్‌లు ఉంటే డబుల్ నాట్ అవుతుంది, అంటే లోపలి అడ్రస్‌ను బయటి అడ్రస్‌గా మార్చే పని రెండుసార్లు జరుగుతుంది. బ్రౌజింగ్ నడుస్తుంది కానీ ఆన్‌లైన్ గేములు, బయటి నుంచి కెమెరా చూడడం వంటివి ఇబ్బంది పెడతాయి. మూడోది మీ లక్షణాలకు బాగా దగ్గర: మోడెం నుంచి వచ్చే కేబుల్‌ను మీ రౌటర్ వాన్‌లో కాకుండా లాన్ పోర్ట్‌లో పెట్టి, డీహెచ్‌సీపీని రెండింటిలోనూ వదిలేయడం. అప్పుడు ఐపీలు ఇచ్చేవాళ్లు ఇద్దరవుతారు. ఏ ఫోన్‌కు ముందు ఎవరి జవాబు అందితే ఆ గేట్‌వే పట్టుకుంటుంది. ఒక ఫోన్లో నెట్ ఉంటుంది, పక్క ఫోన్లో ఉండదు, వైఫై ఆపి ఆన్ చేస్తే అటుదిటు అవుతుంది. నెట్ ఉన్న ఫోన్లో, లేని ఫోన్లో గేట్‌వే అంకెలు పోల్చండి. వేరుగా ఉంటే దొంగ దొరికినట్టే.

సరిచేసే దారులు రెండు. ప్రొవైడర్‌ను అడిగి మోడెంను బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైన్‌ను మాత్రం అందించేలా) పెట్టించి, పీపీపీఓఈ వివరాలు మీ రౌటర్‌లో ఇవ్వడం ఒకటి. అంతకన్నా తేలికైనది మీ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై పంచే పని మాత్రమే చేసేలా మార్చడం. సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే ఎంచుకుంటే చాలు. లేకపోతే చేత్తో చేయాలి, ఈ వరసలోనే: మోడెం నుంచి విడదీసి, ముందు రౌటర్ లాన్ ఐపీని మోడెం పూల్‌లో లేని ఒక అడ్రస్‌కు మార్చండి, ఉదాహరణకు మోడెం 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2. కొత్త అడ్రస్‌తో మళ్లీ లాగిన్ అయి, వైఫై పేరు పాస్‌వర్డ్ సరిచూసుకుని, చివరగా డీహెచ్‌సీపీ ఆపండి. ఆ తర్వాతే లాన్ నుంచి లాన్‌కు కేబుల్ పెట్టండి. డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే మీ ల్యాప్‌టాప్‌కు ఐపీ దొరక్క రౌటర్‌లోకి వెళ్లే దారి మూసుకుపోతుంది.

ఇక పడకగది

అంచనాతో కాకుండా అంకెతో చూడండి. ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ పెట్టి, మంచం దగ్గర నిలబడి డీబీఎం చదవండి. మైనస్ 50 అంటే చాలా బాగుంది. మైనస్ 67 వరకు వీడియో కాల్ సాఫీగా నడుస్తుంది. మైనస్ 75 దాటితే తెగుతూ ఉంటుంది, మైనస్ 80 అంటే పేరుకే కనెక్షన్. 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఒకే పేరుతో ఉంటే పరీక్ష కోసం కొన్ని రోజులు వేర్వేరు పేర్లు పెట్టండి, ఏది ఎక్కడ చస్తోందో అప్పుడే తెలుస్తుంది. 5 వేగంగా ఉంటుంది, గోడలు దాటడంలో బలహీనం. కాంక్రీట్ గోడ, పెద్ద అద్దం, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు మధ్యలో ఉంటే సిగ్నల్ బాగా పడిపోతుంది. రౌటర్‌ను టీవీ వెనకనుంచో, ఇనుప బీరువా మీదనుంచో తీసి, మనిషి ఛాతీ ఎత్తులో, ఇంటి మధ్యకు జరిపితేనే పది డీబీఎం దాకా లాభం రావచ్చు. యాంటెన్నా నిలువుగా ఉంటే సిగ్నల్ చుట్టూ అడ్డంగా పరుచుకుంటుంది, కొన వైపు తక్కువ. ఒకే అంతస్తు ఇంటికి నిలువుగానే ఉంచండి.

2.4 లో ఛానెల్ 1, 6, 11 లలో ఒకటి, విడ్త్ 20 మెగాహెర్ట్జ్. ఆటో వద్దు. ఖాళీగా ఉంది కదా అని 3 పెడితే 1 వాళ్లతోనూ 6 వాళ్లతోనూ ఢీకొంటుంది. అదే ఛానెల్‌లో ఉన్నవాళ్లతో వంతులవారీగా పంచుకోవచ్చు. సగం సగం మీద పడేవాళ్ల సిగ్నల్ మాత్రం ఉత్త రొద. 40 మెగాహెర్ట్జ్ పెడితే ఉన్న బ్యాండ్‌లో దాదాపు సగం మీరే ఆక్రమిస్తారు, చుట్టుపక్కల అందరి రొదా మీకే వస్తుంది. 5 లో 36 నుంచి 48 మధ్య పెట్టి 80 మెగాహెర్ట్జ్ వాడండి. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లను రాడార్లతో పంచుకోవాలి. రాడార్ జాడ తగిలితే రౌటర్ ఆ ఛానెల్‌ను ఖాళీ చేసి, అలాంటిదే ఇంకో ఛానెల్‌కు వెళ్లాలంటే కనీసం ఒక నిమిషం విని చూడాలి. 5 గిగాహెర్ట్జ్ పేరే నిమిషం పాటు మాయమై తిరిగి వస్తుంటే కారణం ఇదే కావచ్చు.

రౌటర్‌కు గానీ ల్యాప్‌టాప్‌కు గానీ యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ తగిలించి ఉంటే ఒకసారి తీసి చూడండి, ఆ కేబుల్ రొద 2.4 లోనే పడుతుంది. సెక్యూరిటీలో టీకేఐపీ (పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి) అని ఉంటే ఏఈఎస్‌కు మార్చండి. టీకేఐపీ ఉంటే వైఫై 54 ఎంబీపీఎస్ దాటదు.

ఎక్స్‌టెండర్ కొంటే పడకగదిలో పెట్టకండి. సిగ్నల్ ఇంకా మైనస్ 65 కన్నా బలంగా ఉన్న చోట, అంటే దారి మధ్యలో పెట్టాలి. అందిన సిగ్నలే బలహీనమైతే అది పంచేదీ బలహీనమే. ఒకే బ్యాండ్ మీద అందుకుని అదే బ్యాండ్ మీద పంచేవాటిలో వేగం సగం పోతుంది. వీలైతే కేబుల్ లాగి రెండో యాక్సెస్ పాయింట్ పెట్టడమే నా సలహా.

రాత్రి నెట్ ‘పోకుండా’ కేవలం కుంటుతుంటే అప్‌లోడ్ చూడండి. ఏదో ఒక ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టగానే ఫోటోలన్నీ క్లౌడ్‌కు పంపడం మొదలుపెడుతుంది, అప్‌లోడ్ దారి నిండిపోతుంది, మిగతా అందరి విన్నపాలు దాని వెనక వరసలో నిలబడతాయి. 8.8.8.8 కు పింగ్ నడుపుతూ పెద్ద వీడియో ఒకటి అప్‌లోడ్ చేయండి. 20 మిల్లీసెకన్లు ఉన్నది 400 అయితే ఇదే. రౌటర్ క్యూఓఎస్‌లో (వేగాన్ని పంచి అదుపు చేసే సెట్టింగ్) అప్‌లోడ్ హద్దును మీ అసలు వేగంలో 85 నుంచి 90 శాతానికి పెట్టండి.

రీసెట్ బటన్ జోలికి వెళ్లకండి. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. సూదితో పది సెకన్లు నొక్కితే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబర్ అన్నీ చెరిగిపోతాయి. అవి మీ దగ్గర లేకపోతే ప్రొవైడర్ మనిషి వచ్చేదాకా నెట్ ఉండదు. తప్పనిసరైతే ముందు వాన్ పేజీ ఫోటో తీసుకుని, బ్యాకప్ ఫైల్ దించుకోండి.

ప్రొవైడర్‌కు ఫోన్ చేసేటప్పుడు ‘నెట్ స్లో’ అంటే ‘రీస్టార్ట్ చేయండి’ అంటారు. ఇలా చెప్పండి: కేబుల్ మీద పరీక్షించాను, గేట్‌వే పింగ్‌లో ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు, 8.8.8.8 కు వందలో ఇన్ని పోయాయి, ఈ సమయంలో పోయింది, ఎల్ఓఎస్ లైటు ఇలా ఉంది, ఆర్ఎక్స్ పవర్ ఇంత, వాన్ అప్‌టైం ఇంత. అప్పుడు లైన్ చూడకుండా తప్పించుకోవడం వాళ్లకు కష్టం.

కొత్త రౌటర్ ఎప్పుడు కొనాలంటే: అడాప్టర్ మార్చినా దానంతట అది రీబూట్ అవుతుంటే, వాన్ పోర్ట్ 100 ఎంబీపీఎస్ అయి ప్లాన్ అంతకు మించితే, 5 గిగాహెర్ట్జ్ అసలే లేకపోతే, లేదా కంపెనీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఆపేస్తే. మీ కేసులో ముందు రెండు ఫోన్ల గేట్‌వే పోల్చండి, తర్వాత సిస్టమ్ అప్‌టైం, వాన్ అప్‌టైం చూడండి. ఆ అంకెలు, మోడెం లైట్ల స్థితి ఇక్కడ రాస్తే తర్వాత ఏం చేయాలో చెబుతాను.